వాయె రెబోలో మూడు వారాలు ఉండగలనా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి (ఫ్లోరెస్, ఇండోనేషియా)

బాటసారి_బందరు

అందరికీ నమస్కారం. ఉద్యోగం మానేశాను, కొత్తదాంట్లో జనవరిలో చేరాలి, మధ్యలో మూడు నెలలు ఖాళీ. ఇండోనేషియాలో ఫ్లోరెస్ దీవి కొండల్లో వాయె రెబో అని ఒక ఊరుంది. ఏడే ఏడు ఇళ్ళు, ఒక్కోటీ పెద్ద గడ్డివాములా ఉంటుంది, కప్పు నేలదాకా దిగిపోతుంది. ఆ ఫొటో చూసినప్పటినుంచి మనసు అక్కడే ఉంది. మూడు వారాలు ఉండి, వాళ్ళతో పాటు పనిచేసి, వాళ్ళు తిన్నదే తిని రావాలని ఆశ. యూట్యూబ్‌లో చూస్తే ఒక్క రాత్రి పడుకుని స్వర్గం స్వర్గం అని దిగిపోయేవాళ్ళే గానీ అసలు బతుకు ఎలా ఉంటుందో ఒక్కడూ చెప్పడు. కరెంటు, ఫోను, తిండి (గుడ్డు తింటాను, మాంసం తినను), ఒంట్లో బాగోకపోతే సంగతేంటి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. భయపెట్టినా పర్లేదు.

ఉష_ఊరూరా

రెండేళ్ళ కిందట జులైలో రెండు రాత్రులు ఉన్నానండీ, కాబట్టి నాది కూడా ఆ స్వర్గం బ్యాచే అనుకోండి.

దారి ముందు. లబువాన్ బాజోలో విమానం దిగి, కారులో దెంగే అనే ఊరికి ఆరు గంటలు పట్టింది, రోడ్డు చివర్లో పేరుకే రోడ్డు. అక్కడినుంచి మొత్తం తొమ్మిది కిలోమీటర్లు కొండెక్కుడు అని రాస్తారు గానీ, ఇప్పుడు కొంత దూరం బైకు మీద దించుతున్నారు. ఓజెక్ అంటారు, మన బైక్ ట్యాక్సీ లాంటిదే, యాప్ ఉండదు అంతే. వాయె లోంబా అనే వాగు దగ్గర బైకు ఆగిపోతుంది, ఆ తర్వాత కాళ్ళే దిక్కు. నాకు రెండున్నర గంటలు పట్టింది, నా పక్కనుంచి ఒక పెద్దాయన బియ్యం మూట భుజానేసుకుని హవాయి చెప్పులతో నన్ను దాటుకుని వెళ్ళిపోయాడు. పైకి చేరి మేజోడు విప్పితే జలగ. ఒకటి కాదు, మూడు.

ఊరు కనిపించే చోట ఒక చిన్న పాక ఉంటుంది, అందులో వేలాడే వెదురుబొంగును కొట్టి మీరు వస్తున్నట్టు చెప్పాలి. దిగాక తిన్నగా గెందాంగ్ ఇంటికి, అంటే పెద్ద ఇంటికి వెళ్ళాలి, అక్కడ పెద్దాయన వాయె లుఉ అనే చిన్న పూజ చేసి మీరు వచ్చిన సంగతి పెద్దలకి, అంటే పోయినవాళ్ళకి, విన్నవించుకుంటాడు. అది అయ్యేదాకా ఫొటో తీయకూడదు. మా గైడు చెప్పడం మర్చిపోయాడు, నేను ఫోను తీశాను, ఎవరూ ఏమీ అనలేదు కానీ అక్కడున్న అందరూ ఒకేసారి మాట్లాడటం ఆపేశారు. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది.

పడక అతిథుల ఇంట్లో చాపల మీద, గుండ్రంగా వరసగా. దుప్పటి ఇస్తారు, చాలదు, ఊరు దాదాపు 1,100 మీటర్ల ఎత్తులో ఉంది. కరెంటు నేను వెళ్ళినప్పుడు సాయంత్రం ఆరింటినుంచి పదింటిదాకా జనరేటర్ మీద, పదికి టక్కున పోతుంది. సిగ్నల్ సున్నా. రాత్రికి మనిషికి 3,25,000 రూపియా కట్టాను, మన డబ్బుల్లో సుమారు పదిహేడు పద్దెనిమిది వందలు, రెండు పూటల భోజనం, కాఫీ అందులోనే. తిండి అన్నం, గుడ్డు, బెంగళూరు వంకాయ కూర, పచ్చిమిరపకాయ నూరిన కారం. బెంగళూరు వంకాయ కొండల్లో పిచ్చిమొక్కలా పెరుగుతుంది, మూడు వారాలుంటే జన్మలో మళ్ళీ దాని మొహం చూడరు.

సోలార్_సుబ్బు

బ్రో, ఫ్లోరెస్‌లోనే రుతెంగ్ అనే టౌన్లో పద్నాలుగు నెలలు ఉన్నాను పని మీద. వాయె రెబోకి ఐదుసార్లు వెళ్ళాను, కింద కొంబో అనే ఊళ్ళో చాలా రోజులు ఉన్నాను. నువ్వు అసలు ప్రశ్న అడగలేదు, అది నేనే అడుగుతాను: ఆ ఫొటోల్లో బడికెళ్ళే వయసు పిల్లలు ఎందుకు కనబడరు?

ఎందుకంటే బడి పైన లేదు, కొంబోలో ఉంది. ఆరేడేళ్ళు రాగానే పిల్లల్ని కిందికి పంపేస్తారు, అక్కడ అమ్మమ్మ దగ్గరో పిన్ని దగ్గరో ఉండి చదువుకుంటారు, సెలవులకి పైకి వస్తారు. కాబట్టి ఒక్కో కుటుంబానికి రెండు ఊళ్ళు, రెండు పొయ్యిలు. తల్లి వారంలో కొన్ని రోజులు ఇక్కడ, కొన్ని రోజులు అక్కడ. హైస్కూలు దాటితే రుతెంగ్, ఆ తర్వాత బాలీ, చాలామంది మలేషియా తోటల్లో కూలికి. నేను ఉన్న ఇంట్లో ఎనిమిదేళ్ళ పాప ఉండేది. శనివారం బడి అవ్వగానే యూనిఫాం మీదే కొండెక్కేది, చేతిలో ఒక కవర్లో అన్నం. ఒక్కతే కాదు, నలుగురైదుగురు కలిసి. నేను వాళ్ళ వెనక నడిచి సగంలో కూర్చుండిపోతే ఆ పాప వెనక్కి వచ్చి నా బ్యాగు అడిగింది. ఇవ్వలేదులే, పరువు.

రెండోది మోత. అక్కడ వరి పండదు. కాఫీ, దాల్చినచెక్క, చేమదుంపలు, కాస్త కూరగాయలు. బియ్యం, ఉప్పు, సబ్బు, నూనె, జనరేటర్ డీజిల్, మరుగుదొడ్డికి సిమెంటు, నువ్వు తాగే బీరు, అన్నీ మనిషి భుజం మీదే. కాఫీ గింజలు కిందికి, బియ్యం పైకి. నువ్వు మూడు వారాలు తినే బియ్యం కూడా ఎవరో ఒకరు మోయాల్సిందే, అది గుర్తుపెట్టుకో. వాళ్ళతో పాటు పనిచేస్తాను అన్నావు కదా, అక్కడ పని అంటే ముందు ఇదే.

మూడోది పొగ. ఇంటి మధ్యలో పొయ్యి. చిమ్నీ లేదు, కిటికీ అనదగ్గది లేదు. పొగ పైకెళ్ళి కప్పులోని గడ్డికీ నారకీ పట్టి పురుగు పట్టకుండా కాపాడుతుంది, అందుకే పొయ్యి ఆర్పేస్తే ఇల్లు పాడవుతుంది. ఇల్లు బతకాలంటే పొగ ఉండాలి, ఆ పొగలో ఆడవాళ్ళ కళ్ళు పోతున్నాయి. అతిథుల ఇంట్లో పడుకున్నవాళ్ళకి ఇది తెలియదు, మామూలు ఇంట్లో ఒక్క పూట వంట దగ్గర కూర్చుంటే తెలుస్తుంది.

ఇళ్ళని మ్బారు నియాంగ్ అంటారు, ఒక్కోదాంట్లో ఐదు అంతస్తులు. కింద మనుషులు. పైన అటక లాగా ఒకటి, సరుకులకి. దాని పైన విత్తనాలకి. దాని పైన కరువొస్తే తినడానికి దాచిన గింజలకి. చిట్టచివర పెద్దలకి నైవేద్యం పెట్టే చోటు. మేకు ఒక్కటి ఉండదు, పేము తీగతో కట్టుడే. పెద్ద ఇంట్లో ఎనిమిది కుటుంబాలు, మిగతావాటిలో ఆరు చొప్పున.

గోంగూర_ఎక్స్‌ప్రెస్

కరెంటు లేదు, సిగ్నల్ లేదు, జలగలు ఫ్రీ, పైగా పదిహేడు వందలు. మా అత్తారి ఊరు రండి, సగం రేటుకే ఇవన్నీ ఏర్పాటు చేస్తాను. జలగలకి బదులు మా బావమరది ఉంటాడు.

పాడేరు_గింజ

సుబ్బు అన్న మోత గురించి చెప్పింది చదువుతుంటే మా ఊరే గుర్తొచ్చింది. మాది అల్లూరి జిల్లా ఏజెన్సీ, డోలీ మోతలు పేపర్లో చూస్తూనే ఉంటారుగా. అక్కడ కాన్పులకి ఏం చేస్తారన్నా?

ఇంకోటి, కాఫీ ఎలా ఆరబెడతారు? మా దగ్గర పండు కోసిన రోజే పల్పర్‌కి (తొక్క తీసే మిషన్) వెయ్యకపోతే కొనేవాడు రేటు దించేస్తాడు.

సోలార్_సుబ్బు

కాన్పు అంటే నెలలు నిండకముందే కిందికి దిగిపోతారు తమ్ముడూ, మంత్రసాని మీద వదిలెయ్యడం తగ్గింది, గ్రామానికో బిదాన్ అని ప్రభుత్వ నర్సమ్మలు ఉంటారు, కానీ ఆవిడ ఉండేది కింద. అనుకోకుండా పైన నొప్పులు మొదలైతే మాత్రం మీ డోలీయే. రెండు వెదురు గడలు, మధ్యలో చీరలాంటి సరోంగ్. ఒకసారి జ్వరంతో స్పృహ తప్పిన ముసలాయన్ని అలా దించడం చూశాను, వర్షంలో, ఆరుగురు మార్చి మార్చి పట్టుకున్నారు. ఎవరూ అరవలేదు, ముందున్నవాడు మాత్రం అడుగడుక్కీ "ఇక్కడ జారుతుంది, ఇక్కడ రాయి" అని వెనకవాళ్ళకి చెప్తూ నడిచాడు. ఆయన బతికాడు.

కాఫీ సంగతి ఉషగారికి బాగా తెలుస్తుంది, కోత టైంలో వెళ్ళారు.

ఉష_ఊరూరా

అవును! ఇళ్ళ ముందు మధ్యలో రాతి దిబ్బ ఉంటుంది, చొంపాంగ్ అంటారు, బలిపీఠం, దాని మీదికి ఎక్కకూడదు. దాని చుట్టూ ఉన్న ఖాళీ అంతా టార్పాలిన్లు పరిచి కాఫీ పోస్తారు. ఎండ రెండు గంటలే. రెండో రోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు దిగింది, ఎవరో ఒక్క కేక వేశారు, అన్ని ఇళ్ళలోంచి ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చి ఎవరి గింజలు అని చూడకుండా చేతికందిన పట్టా నాలుగు మూలలు పట్టుకుని మూటగట్టి లోపలికి లాగేశారు. నేను కూడా ఒక మూల పట్టుకున్నాను. ఐదు నిమిషాల్లో వాకిలి ఖాళీ, పది నిమిషాల్లో మళ్ళీ ఎండ, మళ్ళీ పరిచారు. అలా రోజుకి మూడుసార్లు. పొట్టు తీయడం రోట్లోనే, రోకలి పోటు, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి. అచ్చం మన అటుకులు దంచినట్టు.

లువాక్ కాఫీ (పునుగుపిల్లి తిని విసర్జించిన గింజలది) దొరుకుతుందా అని ఒక టూరిస్టు అడిగితే నవ్వారు. పునుగుపిల్లి వాళ్ళ పూర్వీకుణ్ణి కాపాడిందని కథ, అందుకని దాన్ని తినరు.

మెలకువ_నర్సు

నేను ఇండోనేషియా వెళ్ళలేదు, కానీ ట్రావెల్ క్లినిక్‌లో పనిచేస్తాను కాబట్టి ఒక్క మాట. ఫ్లోరెస్‌లో 1997 నుంచి రేబిస్ ఉంది, కుక్కలు ఊరంతా తిరుగుతాయి. కొండ మీదినుంచి దిగి, ఇమ్యునోగ్లోబులిన్ (కరిచాక టీకాతో పాటు ఇచ్చే ఇంజెక్షన్) ఉన్న ఆసుపత్రి వెతుక్కునేసరికి రెండు రోజులు పోతాయి. వెళ్ళేముందే టీకా వేయించుకోండి, మొహమాటపడకండి. కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, ఆ తర్వాత కూడా డోసులు వేయించుకోవాల్సిందే. చలి కొండ మీద మలేరియా తక్కువే అయినా మీరు వెళ్ళే దారి సముద్రపు ఒడ్డున, దోమతెర పెట్టుకోండి.

పిల్లల గురించి కూడా చెప్పాలి. ఫ్లోరెస్ ఉన్న రాష్ట్రం, నూసా తెంగ్గారా తిమూర్, 2022 సర్వేలో వయసుకి తగ్గ ఎత్తు పెరగని పిల్లల లెక్కలో దేశం మొత్తం మీద అందరికంటే పైన ఉంది, 35.3 శాతం, దేశం సగటు 21.6. కాబట్టి పిల్లలకి చాక్లెట్లు పంచే సరదా వద్దు. పళ్ళ డాక్టరు కూడా కొండ కిందే ఉంటాడు.

గోదారి_గట్టు

ఇదంతా చదివాక నాకు ఒకటే అనిపిస్తోంది, టూరిస్టుల కోసం ఆ జనాన్ని పొగలో కూర్చోబెడుతున్నారు. రేకుల ఇల్లు కట్టుకుని రోడ్డు వేయించుకుంటామంటే ఒప్పుకుంటారా? ఒప్పుకోరు, ఫొటో పాడవుతుందిగా. మ్యూజియంలో బతకమంటే ఎవరికిష్టం.

సోలార్_సుబ్బు

సగం ఒప్పుకుంటాను, సగం కాదు. 2008లో జకార్తా ఆర్కిటెక్టు యోరి అంతార్ వాళ్ళు వెళ్ళేసరికి ఏడింటిలో నాలుగే మిగిలాయి, అవీ శిథిలంగా. ఊరివాళ్ళకి కట్టడం రాక కాదు, ఆ కర్ర, ఆ నార, ఆ కూలి తిండి ఖర్చు భరించలేక. బయటినుంచి డబ్బు వచ్చింది, కట్టింది మాత్రం ఊరివాళ్ళే, పాతవాటిని విప్పి చూసుకుంటూ కుర్రాళ్ళు నేర్చుకున్నారు. 2012లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ అవార్డుల్లో పెద్దది వచ్చింది. ఆ తర్వాతే టూరిస్టులు. ఇప్పుడు అతిథుల డబ్బు ఊరి సంఘానికి వెళ్తుంది, వంట ఎవరు చేయాలో వంతులు. పంచాయితీ ఉంటే గుండ్రంగా కూర్చుని తేల్చుకుంటారు, నేను ఉన్న రోజు ఒకటి రాత్రి రెండింటిదాకా సాగింది, విషయం ఒక పంది.

రోడ్డు గురించి మాత్రం నీ మాటే నిజం. ఊళ్ళోనే రెండు అభిప్రాయాలు. ముసలివాళ్ళు కొందరు వద్దంటారు, మోసే వయసులో ఉన్న ఆడవాళ్ళని అడిగితే వేరే జవాబు వస్తుంది. ఆ ఆడవాళ్ళని ఎవరూ అడగరు అనేదే నా బాధ.

మా పని గురించి కూడా చెప్పేస్తాను, ఇది వాయె రెబో కాదు, రుతెంగ్‌కి అవతల ఇంకో కొండూరు. సోలార్ ప్యానెళ్ళు పెట్టాం, రిబ్బన్ కోశారు, ఫొటోలు దిగాం. మూడో ఏడు బ్యాటరీలు చచ్చిపోయాయి. కొత్తవి ఎవరు కొనాలి, పాతవి ఎవరు మోసి దించాలి అనే లైను మా కాంట్రాక్టులో లేనే లేదు. ఊరి కుర్రాడొకడు వాట్సాప్‌లో ఫొటో పంపాడు, బ్యాటరీ పెట్టె మీద కోళ్ళు పొదుగుతున్నాయి.

బాటసారి_బందరు

అందరికీ దండాలు. ప్లాన్ మార్చాను. కొంబోలో రెండు వారాలు, పైన మూడు రాత్రులు. సుబ్బు గారూ, నవంబర్‌లో వెళ్తే పెంతి పండగ చూడొచ్చంటున్నారు, నిజమేనా? భాష రాదు, ఎలా? ఆవకాయ పట్టుకెళ్ళొచ్చా?

సోలార్_సుబ్బు

పెంతి నవంబర్‌లోనే, వాళ్ళ కొత్త సంవత్సరం, కొరడాలతో కొట్టుకునే చాచి ఆట కూడా ఉంటుంది. కానీ అప్పటికి వానలు మొదలు, దారి బురద, జలగల సీజన్. మేజోళ్ళకి పొగాకు నానేసిన నీళ్ళు పట్టించు, పనిచేస్తుంది.

భాష సులువు. మన సంస్కృతం మాటలు బోలెడు. దేసా అంటే ఊరు, కెపాలా దేసా అంటే ఊరిపెద్ద, సువామి అంటే మొగుడు. ఇస్త్రీ అంటే పెళ్ళాం, కాబట్టి లాడ్జిలో బట్టలు చూపించి ఇస్త్రీ కావాలి అనకు, నేను అన్నాను. పైన మాట్లాడేది మంగ్గరాయ్ భాష, అందులో ఒక్క మాట నేర్చుకో చాలు: నెకా రాబో, కోపగించుకోకండి అని. చనువుకొద్దీ నిన్ను నానా అని పిలుస్తారు, తండ్రి అని కాదు, అక్కడ అబ్బాయిని అలా అంటారు.

ఆవకాయ తీసుకెళ్ళు, కాస్త ఎక్కువే. మొదటిరోజే ఇంటావిడ చేతిలో పెట్టు. నేను మాగాయ ఇస్తే ముద్దలో కలపకుండా ముక్క ఒక్కటి తీసి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది, తర్వాత సీసా అటక మీద పెట్టేసింది. మళ్ళీ నాకు కనబడలేదు.

పాడేరు_గింజ

అన్నా, వచ్చేటప్పుడు వేయించని గింజలు పావుకిలో. మోత నాదే అనుకో.