నిశ్చలంగా ఉండవలసిన సముద్రంలో అలలు: గ్రాఫిక్స్ ప్రాసెసర్‌పై సునామీ గణన

ప్రశ్న:
నమస్కారమండీ. 2004 డిసెంబరు 26 నాటి సునామీ బంగాళాఖాతం దాటి మన కోస్తాకు చేరిన తీరును షాలో వాటర్ సమీకరణాలతో (నీటి లోతుకంటే చాలా పొడవైన అలల కదలికను వర్ణించేవి) లెక్కించే ప్రోగ్రామును ఈమధ్య గ్రాఫిక్స్ ప్రాసెసర్‌కు మార్చాను. వేగం కోసం సింగిల్ ప్రిసిషన్ (ఒక్కో సంఖ్యకు 32 బిట్లు) వాడుతున్నాను. ఇంకా అలను ప్రవేశపెట్టకముందే, సముద్రపు అడుగు ఏటవాలుగా ఉన్నచోట నీటిమట్టంలో చిన్న కదలికలు పుడుతున్నాయి. డబుల్ ప్రిసిషన్‌లో (64 బిట్లు) సీపీయూ మీద ఇదే కోడ్‌తో నీరు కదలడం లేదు. థ్రెడ్లు (ఒకేసారి నడిచే గణనలు) ఒకదాని విలువను మరొకటి చెరిపేస్తున్నాయేమోనని రెండు రోజులు వెతికాను, దొరకలేదు.

జవాబు:
ముందుగా ప్రోగ్రామును ఒకే డేటాతో రెండుసార్లు నడిపి, ఫలితాలను బిట్టు బిట్టుగా పోల్చి చూడండి. థ్రెడ్ల తగాదా అయితే అవి సాధారణంగా ఒక్కోసారి ఒక్కోలా వస్తాయి. రెండూ అచ్చంగా ఒకటే అయితే అనుమానించవలసింది అంకెల సవరింపునే, అంటే సంఖ్యను దాచగలిగిన దగ్గరి విలువకు మార్చడాన్నే. మీరు చెప్పిన లక్షణాలను బట్టి రెండోదే అనిపిస్తోంది.

మీరు ప్రతి సెల్‌లో (సముద్రాన్ని విభజించిన గడిలో) మొత్తం లోతును దాస్తున్నారనుకుంటాను. 4,000 మీటర్ల దగ్గర సింగిల్ ప్రిసిషన్‌లో ఒక సంఖ్యకూ దాని పక్క సంఖ్యకూ మధ్య ఎడం దాదాపు 0.24 మిల్లీమీటర్లు, ఒక్కో టైమ్ స్టెప్‌లో నీటిమట్టం మారేది అందులో సగం కంటే తక్కువైతే ఆ మార్పు నమోదే కాదు. సమీకరణంలో నీటి పీడనాన్ని చూపే పీడన పదంలో లోతు వర్గమవుతుంది కనుక అక్కడి విలువ ఏడు కోట్లు దాటి, ఎడం 8కి చేరుతుంది. నిశ్చల జలంలో ఈ పీడన భేదమూ అడుగు వాలు పదమూ ఒకదానినొకటి పూర్తిగా కొట్టివేయాలి. రెండు పెద్ద సంఖ్యలను విడివిడిగా సవరించి తీసివేస్తే మిగిలే చెత్తే మీకు కనిపిస్తున్న అల.

డబుల్‌కు మారడం సులువైన మార్గమే, కానీ ఆటల కోసం అమ్మే కార్డులలో దాని వేగం సాధారణంగా సింగిల్‌లో 32వ వంతో 64వ వంతో ఉంటుంది. ఈ గణన ఎక్కువగా మెమరీ వేగం మీద ఆధారపడుతుంది కనుక నష్టం అంత ఘోరంగా కనిపించకపోవచ్చు, అయినా కదిలించవలసిన డేటా రెట్టింపవుతుంది. నేనైతే సమీకరణాన్నే మారుస్తాను: లోతుకు బదులు నిశ్చల మట్టం నుంచి నీరు లేచిన ఎత్తును దాచి, పీడన పదంలోంచి నిశ్చల లోతు వర్గాన్ని ముందే తీసివేయండి. అప్పుడు వాలు పదంలో కూడా మొత్తం లోతు స్థానంలో ఆ ఎత్తే మిగులుతుంది. ఎత్తు సున్నా అయినప్పుడు రెండు పదాలూ విడివిడిగానే సున్నా అవుతాయి, కనుక ఏ ప్రిసిషన్‌లోనైనా నీరు కదలదు.

ప్రశ్న:
ధన్యవాదాలండీ. రెండుసార్లూ ఫలితం ఒకటే వచ్చింది. సమీకరణం మార్చాక లోతైన చోట నీరు నిలిచింది, కానీ తీరం వెంబడి కొన్ని సెల్స్‌లో వేగం విపరీతంగా పెరుగుతోంది.

జవాబు:
అది వేరే జబ్బు. పొడి నేల మీద ఆ ఎత్తు సున్నా కాదు, నేల ఎత్తుకే సమానం. రెండు సెల్స్ మధ్య హద్దులో రెండు వైపుల అడుగులలో ఎక్కువ ఎత్తున్నదానిని తీసుకొని, లోతు ఋణాత్మకమైతే సున్నా చేయండి. వాలు పదాన్ని కూడా ఆ హద్దు విలువలతోనే లెక్కించాలి. ద్రవ్యవేగాన్ని లోతుతో భాగించే చోట, లోతు ఒక మిల్లీమీటరు కంటే తక్కువైతే వేగాన్ని సున్నాగా పెట్టండి.