మిర్-155 తీసేస్తే టీహెచ్2, డైసర్ తీసేస్తే టీహెచ్1.. ఎందుకలా?

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ బయోటెక్ చదువుతున్నా, వచ్చే వారం సెమినార్, హెల్పర్ టీ సెల్స్‌లో (మిగతా ఇమ్యూన్ సెల్స్‌ని నడిపించే తెల్ల రక్తకణాలు, టీహెచ్1, టీహెచ్2 వాటిలో రెండు రకాలు) మైక్రో ఆర్‌ఎన్‌ఏలు, అంటే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలు, నా టాపిక్. అవి ఎంఆర్‌ఎన్‌ఏకి అతుక్కుని ప్రోటీన్ తయారీ తగ్గిస్తాయి, అంతవరకు ఓకే. 2007లో మిర్-155 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ లేని ఎలుకల్ని చూస్తే సీడీ4 సెల్స్ (అంటే ఈ హెల్పర్ టీ సెల్సే) టీహెచ్2 వైపు మొగ్గాయి, టీహెచ్2 సెల్స్ వదిలే ఐఎల్-4 అనే సిగ్నల్ ప్రోటీన్ పెరిగింది, ఆ ఐఎల్-4 జీన్‌ని ఆన్ చేసే సి-మాఫ్ ప్రోటీన్ మీద 155 బ్రేక్ పోయింది కాబట్టి అని అర్థమైంది. కానీ మైక్రో ఆర్‌ఎన్‌ఏల తయారీకి కావాల్సిన డైసర్ అనే ఎంజైమ్ తీసేస్తే, అంటే దాదాపు మైక్రో ఆర్‌ఎన్‌ఏలన్నీ ఆగిపోతే, అవే సెల్స్ ఇంటర్‌ఫెరాన్ గామా (టీహెచ్1 సెల్స్ వదిలే సిగ్నల్ ప్రోటీన్) వదులుతూ టీహెచ్1 వైపు పోతున్నాయి, మరి అందులో 155 కూడా పోయినట్టే కదా? నోట్‌బుక్‌లో బాణాలు గీయడం, కొట్టేయడం, పేజీ మొత్తం నిండిపోయింది. మిర్-29 అనే ఇంకో మైక్రో ఆర్‌ఎన్‌ఏ, సెల్‌ని టీహెచ్1 వైపు నడిపే టీ-బెట్ ప్రోటీన్‌ని అణచిపెడుతుంది కదా, ఆ బ్రేక్ పోవడమే ఇక్కడ గట్టిగా పనిచేస్తోందా? ఇమ్యునాలజీ తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి ప్లీజ్, నిజంగా అర్థం చేసుకోవాలనుంది.