పుట్టిలోంచి గాలం వేస్తే ఒక్కటీ పడట్లేదు, కోలార్ వైపు చెరువులు తెలిసినోళ్ళు చెప్పండి

గోదారి_గాలం:
అందరికీ నమస్తే. ఉండేది బెంగళూరు కేఆర్ పురం, మా ఊరు తణుకు దగ్గర. చిన్నప్పట్నుంచీ కాలవ గట్టు మీద కూర్చుని గాలం వేసిన అలవాటే గానీ నీళ్ళ మధ్యలోంచి ఎప్పుడూ వెయ్యలేదు. ఇప్పుడు మా కొలీగ్ వాళ్ళ మావయ్యగారు కోలార్ వైపు నరసాపుర దాటాక ఒక చెరువు పాటకి తీసుకున్నారు, ఆదివారాలు రమ్మన్నారు, ఆయన దగ్గర ఫైబర్ పుట్టి (గుండ్రటి చిన్న పడవ) కూడా ఉంది. చెరువులో బొచ్చె, శీలావతి, బంగారుతీగ బాగా ఉన్నాయి, వల లాగినప్పుడు కళ్ళారా చూశాను. గాలానికి మాత్రం రావట్లేదు. రాయి కట్టి దింపినా పుట్టి ఆ తాడు చుట్టూ తిరుగుతూనే ఉంటుంది, లైన్ మెలిపడిపోయి, నీళ్ళ మీద తేలే బెండు ఎటో పోతుంది. ఇంకో విషయం, తెల్లారకముందే వెళ్ళిపోతాం, ఆ టైమ్‌లో చేపలు గుంపులుగా పైకొచ్చి మూతులు తెరుస్తూ కనిపిస్తాయి, సరిగ్గా వాటి ముందే ఎర పడేలా వేసినా ముట్టుకోవు. మైదా ముద్ద, వానపాము రెండూ చూశాం. ఎర మార్చాలా? గాలం సైజు మార్చాలా?

కోలారోడు:
అన్నా, ఎర సంగతి తర్వాత, ముందు పుట్టిని కదలకుండా నిలబెట్టు. గుండ్రంగా ఉండేదానికి ఒక్క తాడు కడితే తిరక్క ఏం చేస్తాది. రెండు గోనెసంచుల్లో ఇసుక నింపి, ఎదురెదురుగా రెండు పక్కల కట్టి దింపల్ల, తాడు నిటారుగా కాకుండా వాలుగా పోవల్ల, అంటే లోతుకి రెండింతలైనా పొడుగు వదలల్ల, అప్పుడే గాలి వచ్చినా పట్టుకుంటాది. లోతు తక్కువుండే చోటైతే ఇంకా సులభం, రెండు వెదురు గడలు బురదలోకి దిగ్గొట్టి వాటికి కట్టేసేయ్, మా ఊళ్ళో అట్లే చేస్తారు. పుట్టి అడుగున తడిపిన గోనెపట్టా పరుచుకో, ఫైబర్ మీద డబ్బా పెట్టినా కాలు జరిపినా ఆ చప్పుడు నీళ్ళలోకి దిగిపోతాది, గట్టు మీద కూర్చునేవాళ్ళకి ఈ బాధ తెలీదు.

ఇంక తెల్లవారుజామున మూతులు తెరిచేది మేతకి కాదన్నా, ఊపిరికి. నరసాపుర వైపు చెరువులకి 2018 నుంచి కేసీ వ్యాలీ నీళ్ళు వస్తా ఉండాయి కదా, బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి పంపేవి. చెరువులు నిండినాయి, బోర్లలో నీళ్ళు పైకొచ్చినాయి, అది మాకు మేలే. కానీ ఆ నీళ్ళలో నత్రజని, భాస్వరం మిగిలే ఉంటాయి, దాంతో పాచి పట్టి నీళ్ళు పచ్చగా అయిపోతాయి. పగలు ఆ పాచే ఆక్సిజన్ ఇస్తాది, రాత్రి తిరిగి అదే పీల్చుకుంటాది, తెల్లారేసరికి నీళ్ళలో ఆక్సిజన్ అడుగంటిపోయి ఉంటాది. అప్పుడు చేపకి మేత మీద ధ్యాస ఉండదు. ఎండ బాగా పడ్డాక ఎనిమిది, తొమ్మిది గంటలకి మొదలుపెట్టు. ముందు రోజు పగలంతా మబ్బు పట్టి ఉంటే ఇంకా ఆలస్యంగా పో.

మోసు_మిత్ర:
పైన చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. నేను లోతు గురించి చెప్తా, ఎందుకంటే పుట్టి వల్ల అసలు లాభం అదే, చేప ఏ లోతులో ఉందో అక్కడికే ఎర దించొచ్చు. బొచ్చె మూతి చూడండి, కింది దవడ ముందుకొచ్చి నోరు పైకి తిరిగుంటుంది, అది పై నీళ్ళలో తిరిగే సన్న జీవుల్ని వడకట్టుకుని తినే చేప. శీలావతి మధ్య నీళ్ళలో తిరుగుతుంది. ఎర్రమోసు, బంగారుతీగ అడుగున బురద కెలుకుతాయి. మీరు వానపాము అడుగుకి దించి బొచ్చె కోసం చూస్తుంటే అది ఎలా పడుతుంది చెప్పండి.

ముందు సీసం ముక్క కట్టి నిలువుగా దించి లోతు కొలవండి, ఉదాహరణకి రెండు బారలు వచ్చిందనుకోండి, బంగారుతీగకైతే ఎర నేలకి తాకేలా, శీలావతికైతే బారెడు లోతులో, బొచ్చెకైతే మూర, మూరన్నర చాలు. అడుగు చేపకి రాగిపిండిని ఉడికించి గట్టిగా పిసికిన ముద్ద బాగుంటుంది, చిన్న చేపలు పొడిచినా తొందరగా ఊడదు. బొచ్చెకి దానికి పూర్తిగా ఉల్టా, తవుడు, వేయించిన వేరుశనగ చెక్క పొడి కలిపి మెత్తగా ఉంచాలి, నీళ్ళలో పడగానే కరుగుతూ మబ్బులా పరుచుకోవాలి, ఆ ముద్ద చుట్టూ నాలుగైదు చిన్న గాలాలు గుచ్చుతారు, చేప ఆ పిండిని పీల్చేటప్పుడు ఏదో ఒకటి లోపలికి పోతుంది. బెండు మునగదు, కొంచెం వణికి పక్కకి జరుగుతుంది, అదే దాని పోటు. మునిగేదాకా ఆగితే వదిలేస్తుంది.

వీకెండ్_ట్రిప్స్:
రాగి ముద్ద అంటే గుర్తొచ్చింది, భీమేశ్వరి వైపు కావేరిలో అదే ఎరతో పెద్ద పెద్ద మహసీర్‌లు పట్టేవాళ్ళట కదా, అక్కడికి వెళ్ళొచ్చుగా?

మోసు_మిత్ర:
వద్దు బ్రో. అది కావేరీ వైల్డ్‌లైఫ్ శాంక్చురీ, అక్కడ గాలం వెయ్యకూడదు. పైగా కావేరీ మూపు మహసీర్‌ని 2018లో ఐయూసీఎన్ (ప్రకృతి సంరక్షణ అంతర్జాతీయ సంస్థ) వాళ్ళు పూర్తిగా అంతరించే ప్రమాదం అంచున ఉన్న చేపల్లో చేర్చారు. కావేరీ, దాని ఉపనదుల్లో తప్ప ఇంకెక్కడా లేని చేప అది. దాన్ని వదిలేద్దాం.

గోదారి_గాలం:
చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. మూతులు తెరవడం ఆకలి అనే అనుకున్నాం, మావయ్యగారికి కూడా ఈ ముక్క చెప్తాను, ఆయన పొద్దున్నే మేత చల్లిస్తున్నారు. ఒక్క డౌట్, పుట్టిలో పెద్ద చేప పడితే పైకి ఎలా తియ్యాలి? మాలో ఒకరికి ఈత రాదు.

కోలారోడు:
మేత విషయం మాత్రం ఈరోజే చెప్పేసేయ్ అన్నా, ఆ టైమ్‌లో వేసేది తినక అడుక్కి పోయి కుళ్ళితే ఉన్న ఆక్సిజన్ కూడా పోతాది.

చేప పడినాక ఎవరూ లేవొద్దు, పుట్టి అంచుకి ఒకే పక్క ఇద్దరు వంగితే చాలు బోల్తా పడేదానికి. గాలం పట్టుకున్నోడు కూర్చునే లాగల్ల, ఎదురుగా ఉన్నోడు కదలకుండా బరువు ఆపల్ల. లైన్ బిగబట్టొద్దు, పరుగు తీస్తే వదులు, అలిసి పక్కకి తిరిగినాక కర్రకి బిగించిన చేతివల ముందే నీళ్ళలో ముంచి పెట్టుకుని చేపని దాని మీదికి నడిపించు, వలతో చేపని తరమొద్దు. ఇసుక సంచి తాడు చేప పోయే దారిలో లేకుండా చూసుకో, దానికి చుట్టుకుంటే లైన్ తెగిపోతాది. లైఫ్ జాకెట్ లేకుండా ఈత రానాయన్ని ఎక్కించొద్దు, ఈత వచ్చినోళ్ళు కూడా వేసుకోండి, ఆ చెరువుల అడుగున బురద మోకాలి దాకా ఉంటాది, కాలు దిగబడితే ఈత పనికి రాదు.