ఇంటర్ ల్యాబ్‌లో వెర్నియర్ కాలిపర్స్ ఇంకా అవసరమా?

ఎంపీసీ నాన్న
మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. ల్యాబ్‌లో వెర్నియర్ కాలిపర్స్‌తో (వస్తువును రెండు దవడల మధ్య పట్టి, మెయిన్ స్కేలు పక్కన జరిగే చిన్న స్కేలు గీతలు చూసి కొలిచే పరికరం) గోళం వ్యాసం కొలవాలట. ఏ గీత ఏ గీతతో కలిసిందో తేల్చుకోలేక రెండు రోజులుగా ఒకటే టెన్షన్. డిజిటల్ కాలిపర్ అయితే దవడల మధ్య పెట్టగానే మిల్లీమీటరులో వందో వంతు దాకా అంకె చూపిస్తుంది. పియర్ వెర్నియర్ ఈ స్కేలు గురించి రాసింది 1631లో. దాదాపు నాలుగు వందల ఏళ్ల నాటి పద్ధతితో పిల్లల్ని ఎందుకు ఇబ్బంది పెట్టాలి? మనం నేర్పాల్సింది ఫిజిక్సా, గీతలు చూడటమా?

ఫిజిక్స్ లెక్చరర్
ఈ ప్రయోగంలో గీతలు చూడటమే ఫిజిక్స్ అండీ. రెండు గీతల మధ్య ఎడం ఎంతో కంటితో చెప్పడం కష్టం. అవి ఒకే వరసలో ఉన్నాయో లేదో మాత్రం కన్ను ఇట్టే పట్టేస్తుంది. వెర్నియర్ స్కేలు పనిచేసేది దాని మీదే. మెయిన్ స్కేలు మీది 9 మిల్లీమీటర్ల పొడవును ఇక్కడ 10 భాగాలు చేశారు. ఒక్కో భాగం 0.9 మి.మీ. కాబట్టి తేడా 0.1 మి.మీ. మనం లీస్ట్ కౌంట్ (దీంతో కొలవగల అతి చిన్న కొలత) అనేది దాన్నే. జరిగే స్కేలు మీది మూడో గీత కలిస్తే 0.3 మి.మీ. కలపాలన్నమాట.

ఒక పని చేయండి. అట్ట ముక్క మీద సెంటీమీటరుకో గీత గీయించండి. ఇంకో ముక్క మీద 9 సెంటీమీటర్లను 10 సమాన భాగాలు చేయించండి. ఒకదాని పక్కన ఇంకోటి పెట్టి మెల్లగా జరపమనండి. గీతలు ఒకదాని తర్వాత ఒకటి కలుస్తూ పోవడం తనే చూస్తుంది. అరగంట పని.

లేత్ మేస్త్రి
నేను షెడ్డులో రోజూ వాడేది డిజిటలే. అయినా లెక్చరర్ గారి మాటే నాదీను. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు దవడల మధ్య ఇనుప రజను ఇరుక్కుని ఉండగానే, ఆ స్థితినే సున్నాగా లెక్కేసుకునే జీరో బటన్ నొక్కేశాడు. 0.3 మి.మీ. ముక్క అది. చేస్తున్నది 6204 బేరింగ్ కూర్చునే హౌసింగ్. ఆ బేరింగ్ బయటి వ్యాసం 47 మి.మీ. డిస్‌ప్లే 47.00 చూపించేదాకా లోపలి రంధ్రాన్ని కోసి పెద్దది చేశాడు, అసలు కొలత 47.30కి పోయింది. బేరింగ్ వదులైపోయి జాబ్ స్క్రాప్ కింద పోయింది.

ఎంపీసీ నాన్న
మేస్త్రి గారూ, అది కుర్రాడి పొరపాటు కదా? రజను వెర్నియర్‌లోనూ ఇరుక్కుంటుంది.

లేత్ మేస్త్రి
ఇరుక్కుంటుంది. కాకపోతే సున్నా గీతలు రెండూ కలవవు, తేడా కళ్ల ముందే ఉంటుంది. బటన్ నొక్కి దాన్ని తుడిచేయలేం.

జడ్పీ స్కూల్ టీచరమ్మ
మా బడిలో ఈ రెండూ లేవు. సన్న తీగను పెన్సిల్‌కి 20 చుట్లు దగ్గరగా చుట్టిస్తాను. చుట్లన్నీ కలిపి 14 మి.మీ. వస్తే తీగ మందం 0.7 మి.మీ. పిల్లలు వాళ్లంతట వాళ్లే మళ్లీ చుట్టి సరిచూసుకుంటారు. నాకు బాధ కలిగించేది వేరే విషయం. మా తమ్ముడు చదివిన కాలేజీలో సీనియర్ల రికార్డు చూసి రీడింగులు దించేసేవారు. గోళాన్ని ముట్టుకున్నవాడే లేడు. అలా అయితే ఏ పరికరం కొని ఏం లాభం?

ఫిజిక్స్ లెక్చరర్
టీచర్ గారు చెప్పింది నిజం, మా వృత్తిలో ఉన్నవాళ్లమే సిగ్గుపడాలి. డిజిటల్ వద్దని నేనూ అనను. ముందు వెర్నియర్‌తో కొలిపించి, తర్వాత అదే గోళాన్ని డిజిటల్‌తో కొలిపించాలి. తేడా వస్తే ఎందుకొచ్చిందో వాళ్లనే చెప్పమనాలి. ఇంకో మాట, డిస్‌ప్లే 0.01 దాకా చూపించినంత మాత్రాన అంత కచ్చితంగా కొలిచినట్టు కాదు. ఇలాంటి కాలిపర్స్‌లో చాలావాటికి ±0.02 లేదా ±0.03 మి.మీ. తేడా ఉండొచ్చని కంపెనీలే రాసిస్తాయి.

ఎంపీసీ నాన్న
రాత్రి అట్ట ముక్కలతో కూర్చున్నాం. నాలుగో గీత కలిసేసరికి "ఓహ్, ఇంతేనా!" అంది. ల్యాబ్‌లో డిజిటల్ కూడా ఉండాలనే నేను ఇప్పటికీ అంటాను. కానీ ఈరోజు కాలేజీ నుంచి వస్తూనే తను చెప్పిన మాట ఇక్కడ రాయాలనిపించింది. "నాన్నా, మా కాలిపర్స్ దవడలు పూర్తిగా మూసినా వెర్నియర్ సున్నా కుడికి జరిగి ఉంటోంది, మూడో గీత కలుస్తోంది. 0.3 మి.మీ. జీరో ఎర్రర్, తీసేయాలి కదా. సీనియర్ల రికార్డుల్లో ఒక్కరూ రాయలేదు."