కంట్రోల్ ప్యానెల్ కస్టమర్లకు బంద్ పెడితే నాక్కూడ బంద్ అయింది

దేవరకొండ జిరాక్స్:
అన్నలూ జర చెప్పుండ్రి. దేవరకొండల నాది జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు, సిస్టంల విండోస్ 11 ప్రో ఉంది, కస్టమర్లకు వేరే అకౌంట్ పెట్టిన. మొన్న ఎవడో పోరడు డీఫాల్ట్ ప్రింటర్ మార్చి పోయిండు, ప్రింట్ కొడితే పేపర్ రాదు, పీడీఎఫ్ ఏడ సేవ్ చేయాలె అని అడుగుతది, ఇంకోదిక్కు లైన్ల పదిమంది. కోపమొచ్చి జీపీఎడిట్ (సిస్టంల ఏది నడ్వాలె, ఏది బంద్ ఉండాలె అని రూల్స్ పెట్టే విండోస్ టూల్) తెరిచి యూజర్ కాన్ఫిగరేషన్‌ల 'ప్రొహిబిట్ యాక్సెస్ టు కంట్రోల్ ప్యానెల్ అండ్ పీసీ సెట్టింగ్స్' ఎనేబుల్డ్ కొట్టిన. ఇప్పుడు నా అడ్మిన్ అకౌంట్ల కూడ సెట్టింగ్స్ తెరుచుకుంటలేదు, సిస్టం అడ్మినిస్ట్రేటర్‌ని అడుగు అంటుంది. గా అడ్మినిస్ట్రేటర్ నేనే గదా, ఎవల్ని అడగాలె?

మిర్యాలగూడ తమ్ముడు:
ఫార్మాట్ కొట్టి మళ్ల విండోస్ ఎక్కించుకో అన్నా, గంట పని.

పాలమూరు సిస్టమ్స్:
గింతదానికి ఫార్మాట్ ఎందుకు తమ్మీ. నువ్వు బంద్ చేసింది కంట్రోల్ ప్యానెల్‌నే, జీపీఎడిట్‌ని కాదు. విండోస్ కీ, ఆర్ నొక్కి gpedit.msc అని కొట్టు, అదే సెట్టింగ్ నాట్ కాన్ఫిగర్డ్ చెయ్, సైనవుట్ అయి రా.

యూజర్ కాన్ఫిగరేషన్‌ల ఏది పెట్టినా ఆ సిస్టంల అందరికీ తగుల్తది, అడ్మిన్‌ని కూడ ఇడ్వదు. కస్టమర్లకే కావాల్నంటే mmc (ఇసొంటి టూల్స్‌ని జోడించుకొని తెరిచే విండోస్ ప్రోగ్రాం) తెరిచి, ఫైల్‌ల యాడ్ రిమూవ్ స్నాపిన్, గ్రూప్ పాలసీ ఆబ్జెక్ట్ ఎడిటర్, ఆడ బ్రౌజ్ కొట్టి యూజర్స్ ట్యాబ్‌ల నాన్ అడ్మినిస్ట్రేటర్స్ ఎంచుకో, ఇగ అండ్ల ఏం పెట్టినా నీ జోలికి రాదు. పెన్‌డ్రైవ్‌లు బంద్ పెట్టే పాలసీ కూడ కనపడ్తది, దాన్ని ముట్టకు, జిరాక్స్ షాపోనికి అదే బేరం.

నల్గొండ నెట్ సెంటర్:
అసల్ పోరడు మార్చిండని ఎట్ల చెప్తున్నవ్ అన్నా? సెట్టింగ్స్‌ల 'లెట్ విండోస్ మేనేజ్ మై డీఫాల్ట్ ప్రింటర్' ఆన్ ఉంటే ఆఖరికి దేనికి ప్రింట్ కొడితే అదే డీఫాల్ట్ అయి కూసుంటది. ఎవడో పీడీఎఫ్ చేసుకొని పోయుంటడు, అంతే. జీపీఎడిట్ యూజర్ కాన్ఫిగరేషన్‌ల కంట్రోల్ ప్యానెల్ కింద ప్రింటర్స్‌ల 'టర్న్ ఆఫ్ విండోస్ డీఫాల్ట్ ప్రింటర్ మేనేజ్‌మెంట్' ఉంటది, ఎనేబుల్డ్ పెట్టు. టర్న్ ఆఫ్ అని ఉంది గదా అని డిసేబుల్డ్ పెట్టేవు, ఎనేబుల్డ్ పెడితేనే ఆఫ్ అయితది, నేను రెండుసార్లు మోసపోయిన. ఇంకోటి, డీఫాల్ట్ ప్రింటర్ అకౌంట్ అకౌంట్‌కి వేరే, ముందుగాల కస్టమర్ అకౌంట్‌ల నీ ప్రింటర్ పెట్టినంకనే కంట్రోల్ ప్యానెల్ బంద్ చెయ్.

దేవరకొండ జిరాక్స్:
అన్నా నువ్వన్నట్టే అది ఆన్‌లనే ఉండె. mmcల పెట్టిన, కస్టమర్ దాంట్ల బంద్, నా దాంట్ల తెరుచుకుంటుంది. ఆ పోరన్ని ఊకెనే తిట్టిన, మళ్లొస్తే రెండు ప్రింట్లు ఫ్రీ కొట్టిస్త.