దసరాకి పంచదార ఇప్పుడే కొనాలా, ఆగాలా?

అందరికీ నమస్కారం. గాజువాకలో మాది చిన్న మిఠాయి కొట్టు. పంచదార పూర్ణా మార్కెట్ నుంచి బస్తాల్లో తెచ్చుకుంటాం. మా షావుకారు గారేమో "బ్రెజిల్‌లో పంట బాగుందట, లండన్ మార్కెట్‌లో ప్రపంచ రేటు పడింది, ఇక్కడా దిగుతుంది, ఆగు" అంటున్నారు. నాకు నమ్మకం కుదరడం లేదు.

ఉత్పత్తిలో బ్రెజిల్ మొదటిది, వాడకంలో మనమే ముందు (మా కొట్టు దగ్గర జనాన్ని చూస్తే ఆశ్చర్యం లేదు). కానీ దిగుమతి సుంకం 2018లోనే 100 శాతం చేశారు. 2019లో మిల్లు దగ్గర కనీస ధర కిలో 31 రూపాయలన్నారు. 2022లో ఎగుమతులకీ పగ్గాలు వేశారు. ఏ మిల్లు నెలకి ఎంత అమ్మాలో కేంద్రమే కోటా ఇస్తుంది. పైగా కొంత చెరకు పెట్రోల్లో కలిపే ఇథనాల్‌కి పోతోంది. ఇన్ని గోడలు దాటి లండన్ రేటు నా బస్తా దాకా ఎలా వస్తుందండీ? నెలవారీ కోటా ఒక్కటి చూసుకుంటే చాలదా?

ముందే కొందామంటే మన సముద్రపు గాలికి బస్తా అడుగున చెమ్మ పట్టి పంచదార రాయిలా గడ్డకడుతుంది, రోకలితో కొట్టాలి. టోకు వ్యాపారంలో ఉన్నవాళ్లు పండగ సరుకు ఎప్పుడు కొంటారు, బస్తాల కింద ఏం వేస్తారు? అలాగే, పాకానికి సన్నరకం సరిపోతుందా?