పిల్లల నవల పెద్దవాళ్లు చదివితే?

ప్రశ్న: మా అమ్మాయి కోసం తెచ్చిన ఫిలిప్పా పియర్స్ నవల ‘టామ్స్ మిడ్‌నైట్ గార్డెన్’ (1958) ముందు నేనే చదివేశాను. గడియారం పదమూడు గంటలు కొడితే టామ్ వెనక తలుపు తీస్తాడు. పగలు చెత్తడబ్బాలుండే చోట రాత్రి పెద్ద తోట! అయినా నా మనసంతా పై అంతస్తులో ఒంటరిగా ఉండే ముసలావిడ మీదే. మీకూ ఇలాగే ఉంటుందా?

జవాబు 1: ఉంటుందండీ. ఆ తోటలో టామ్‌కు కలిసే పాతకాలపు పిల్ల హ్యాటీ నేలచెక్క కింద దాచిన స్కేట్లు ఎన్నో ఏళ్ల తర్వాత టామ్‌కు అక్కడే దొరుకుతాయి. గడ్డకట్టిన నది మీద ఇద్దరూ అదే జతతో జారుతూ పోతారు. ఒకే జత, రెండు కాలాలు! ఆ పేజీలు వెంటనే మళ్లీ చదివాను.

జవాబు 2: నేను మాత్రం టామ్ వైపే. పెద్దరికం పక్కన పెట్టి చదవాలి. తమ్ముడికి తట్టు వచ్చిందని సెలవుల్లో పిన్ని ఇంటికి పంపేస్తే ఏ పిల్లాడికైనా ఉక్రోషమే కదా!

ప్రశ్న అడిగినవారు: నిజమే. కానీ హ్యాటీ పెద్దదవుతోందని టామ్ గమనించడే! ఎదురుగా ఉన్న పిల్ల ఎదిగిపోవడం నేను రోజూ చూస్తున్నాను. అందుకే అక్కడ ఆగిపోయాను. అమ్మాయి ఇప్పుడు సగంలో ఉంది, ముగింపు చెప్పకుండా ఉండటమే కష్టంగా ఉంది.